ఫీడరు చివర వోల్టేజీ

పట్టాలు అందుకున్న పిల్లలూ, మీకు నా అభినందనలు.

1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో అనంతపురం చేరిన ఇంజనీరింగ్ కాలేజీ మీది. ఈ మెట్ట నేలలో వానకు కరువే గాని ఎండకూ గాలికీ కరువు లేదు. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు తిరిగాయి. నంబులపూలకుంటలో 2016లో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్తు మొదలుపెట్టింది. మెగావాట్ల లెక్కలు అందరూ చెబుతారు. నేను వోల్టేజీ గురించి మాట్లాడతాను.

అదేమిటో ఇక్కడి రైతుకు మనకన్నా ముందే తెలుసు. ఫీడరు చివరి బోరుకు లో వోల్టేజీ వస్తే మోటారు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి కాలిపోతుంది. వైండింగు చేయించి తెచ్చేలోగా చెట్టు వాడిపోతుంది. 2004లో ఉచిత విద్యుత్తు మొదలయ్యాక, మోటారుకు కెపాసిటర్ బిగించుకోవాలని రైతులకు షరతు పెట్టారు. మోటారుకు అయస్కాంత క్షేత్రం కోసం కావలసిన రియాక్టివ్ పవర్ సబ్‌స్టేషన్ నుంచి రావాలంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. కెపాసిటర్ ఆ రియాక్టివ్ పవర్‌ను బోరు దగ్గరే ఇస్తుంది. మెగావాట్లను వందల కిలోమీటర్లు పంపవచ్చు. వోల్టేజీని మాత్రం ఎక్కడికక్కడే నిలబెట్టుకోవాలి.

థర్మల్ కేంద్రంలో జనరేటర్ తన ఎక్సైటేషన్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఈ పని చేస్తుంది. సౌర పలకల వెనక అలాంటి యంత్రం లేదు, ఇన్వర్టర్ ఉంది. అదీ రియాక్టివ్ పవర్ ఇవ్వగలదు, తీసుకోగలదు. తగినట్టు తయారుచేస్తే సూర్యుడు లేని రాత్రి కూడా చేయగలదు. ఆ రాత్రి వేళే దాని అవసరం ఎక్కువ: లోడు తగ్గిన పొడవాటి 400 కేవీ లైన్లలో వోల్టేజీ పైకెక్కుతుంది, దాన్ని 420 దాటనివ్వకూడదు. నంబులపూలకుంట సబ్‌స్టేషన్‌లో పవర్‌గ్రిడ్ సంస్థ స్టాట్‌కామ్ అనే పరికరం పెట్టింది ఇలాంటి అవసరాల కోసమే. కానీ సౌర కేంద్రాల్లో ఇన్ని ఇన్వర్టర్లు ఉండగా, వాటి శక్తిని వాడుకోకుండా అన్నిచోట్లా కొత్త పరికరాలే కొనడం నాకు సబబుగా తోచదు.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ రెండింటిలోనూ కరెంటు పోయింది. జరిగింది ఇదీ: వోల్టేజీ హద్దు దాటి పెరగడం, అందువల్ల కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి విడిపోవడం, విడిపోయినకొద్దీ వోల్టేజీ ఇంకా పెరగడం. అక్కడి సౌర, పవన కేంద్రాల్లో చాలావాటిని స్థిర పవర్ ఫ్యాక్టర్ మీద నడిపారు. వోల్టేజీ ఎటు పోతున్నా తమ రియాక్టివ్ పవర్ నిష్పత్తి మార్చుకోకుండా అవి అలాగే ఉన్నాయి. ఈ కేంద్రాల విషయంలో లోపం సూర్యుడిది కాదు, సెట్టింగుది. ప్లాంటు ఆదాయం ప్రధానంగా అమ్మిన యూనిట్ల నుంచే వస్తుంది. నిలబెట్టిన వోల్టేజీ బిల్లులో పెద్దగా కనిపించక దాన్ని తక్కువ మందే పట్టించుకుంటారు. ఈ పరిస్థితి నాకు ఆందోళన కలిగిస్తుంది, మీకూ కలగాలి.

మీలో కొందరు వచ్చే నెలలోనే తాడిపత్రిలోనో ఉరవకొండలోనో ప్లాంట్లలో చేరతారు. చేరిన మొదటి వారంలోనే కంట్రోల్ రూమ్‌లో అడగండి: మన ఇన్వర్టర్లు ఏ మోడ్‌లో ఉన్నాయి? స్థిర పవర్ ఫ్యాక్టరా, వోల్టేజీ నియంత్రణా? రాత్రి ఏం చేస్తున్నాయి? లైనులో ఫాల్ట్ వచ్చి వోల్టేజీ ఒక్కసారిగా పడితే తట్టుకుని నిలుస్తాయా, విడిపోతాయా? కాగితం మీద జవాబు చూపిస్తే, పోయినసారి ఫాల్ట్ వచ్చినప్పటి రికార్డు తెరిపించి చూడండి.