కక్షిదారు ఎవరు?

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి విద్వత్తు గురించి చెప్పవలసినదంతా నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్క మాట కలుపుతాను. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించజాలదన్న గోలక్‌నాథ్ తీర్పు ఉన్న 1967 నాటి ఏఐఆర్ సంపుటం ఆయన నాకు చదవమని ఇచ్చి మళ్ళీ అడగలేదు. ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి తీర్పు పొడవునా మార్జిన్లలో ఎర్ర పెన్సిలుతో ఆయన మెచ్చుకోళ్ళు. వాటితో నాకు అప్పుడూ పేచీయే, ఇప్పుడూ పేచీయే. ఆయన ఉండగా తెగని ఆ వాదాన్నే ఈ రోజు మళ్ళీ ఎత్తుకుంటాను.

ఎక్కడైనా కొద్దిమందే పాలిస్తారన్న మోస్కా, పరేటోల సిద్ధాంతం మీకు తెలిసిందే. ఒక ప్రాబల్య వర్గం దిగి మరొకటి ఎక్కడం మన కళ్ళముందే జరిగింది. జమీందార్ల మీద రైతులను నడిపిన ఎన్.జి. రంగా గారే 1959లో స్వతంత్ర పార్టీ అధ్యక్షులై సహకార వ్యవసాయాన్ని ఎదిరించారు. ఇందులో తగువు లేదు.

తగువంతా ఈ ప్రాబల్యం న్యాయసిద్ధాంతంలోకి ఏ దారిన చేరుతుందన్న దగ్గరే. న్యాయమూర్తి పుట్టుకలోంచి అంటారు కొందరు మిత్రులు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కుటుంబ నేపథ్యాలను జార్జ్ గాడ్‌బోయిస్ ఏళ్ళ తరబడి సేకరించాడు. ఇంగ్లండు న్యాయమూర్తుల గురించి గ్రిఫిత్ 1977లో పుస్తకమే రాశాడు. వీరిని గౌరవిస్తాను గాని ఈ కొలబద్దతో సుబ్బారావు గారిని కొలవలేం. 1962లో ఖరక్ సింగ్ కేసులో ఆయన రాసిన అసమ్మతి తీర్పు చూడండి. దోపిడీ కేసు వీగిపోయినా పోలీసు నిఘా తప్పని ఒక సామాన్యుడి ఏకాంతం కోసం నిలబడ్డారాయన. ఆ మాటే సరైనదని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. పుట్టుకే తీర్పు రాసేటట్లయితే ఇది ఎలా వచ్చింది?

నా వాదం వేరు. చూడవలసింది తీర్పు చెప్పినవారి పుట్టుకను కాదు, ప్రశ్న తెచ్చినవారి స్తోమతను. గోలక్‌నాథ్ కేసు జలంధర్‌లో 500 ఎకరాలకు పైబడి భూమి ఉన్న కుటుంబానిది. కేశవానంద భారతి కేసు కాసరగోడు దగ్గరి ఎడనీరు మఠం భూములది. దానితో కలిపి విన్న పిటిషన్లలో బొగ్గు కంపెనీది ఉంది, మాజీ సంస్థానాధీశులవి ఉన్నాయి. పదమూడుమంది న్యాయమూర్తులు 68 రోజులు కూర్చుని విన్న ఆ ప్రశ్న, పార్లమెంటు దేన్ని ముట్టుకోకూడదు అన్నది. భూమి లేనివాడికి వనరులను ఉమ్మడి మేలుకు పంచాలన్న ఆదేశిక సూత్రం, 39(బి) అధికరణం, ఏమి బాకీ పడిందన్న ప్రశ్న అంతమంది ముందుకు ఎన్నడూ రాలేదు. ఆదేశిక సూత్రాలను కోర్టు ద్వారా అమలు చేయించుకోలేమని 37వ అధికరణం ముందే తలుపు మూసింది. ఆ తలుపు తట్టే ఖర్చు కౌలుదారు భరించనూ లేడు.

దీనికి మాస్టారి జవాబు నాకు కంఠతా వచ్చు. ఆ ఇద్దరు కక్షిదారులూ ఓడిపోయారు కదా, ఇక ప్రాబల్యం ఎక్కడిది? నిజమే, ఓడిపోయారు. పాత సవరణల జోలికి పోకుండా తీర్పును రాబోయే కాలానికే పరిమితం చేసి, గోలక్‌నాథ్‌లో సుబ్బారావు గారు అప్పటికి జరిగిన భూసంస్కరణలను నిలబెట్టారు. కేశవానందలో 29వ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూలులో చేరిన కేరళ చట్టాలూ నిలిచాయి. కాని ఒక్కొక్క కుటుంబం కేసు గెలవడం వేరు, ఆ వాదనలు తేలేలోగా వర్గానికి వ్యవధి దొరకడం వేరు. కేశవానందలో పుట్టిన రాజ్యాంగ మౌలిక స్వరూపం అన్న సిద్ధాంతం 1975, 1980 తీర్పుల్లో ప్రజాస్వామ్యాన్ని కాపాడిందని నేనూ ఒప్పుకుంటాను. కాపాడినందువల్ల దాని పుట్టుక మారదు.

ఆ వ్యవధిలో ఏం జరిగిందో మన దగ్గరే చూడండి. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం నేల రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. 1973 చట్టం మాగాణికి 10 నుంచి 27, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలకు దించింది. అమలు మాత్రం 1975 జనవరి 1న మొదలైంది. 34వ సవరణతో తొమ్మిదో షెడ్యూలులో చేరాక ఆ చట్టం చెల్లుతుందా అన్న వాదన వెనకబడింది. ఎవరు ఎంత ఉంచుకోవచ్చన్న తగువు భూసంస్కరణల ట్రిబ్యునళ్ళకు దిగింది.

ప్రస్తుతం నేను చదువుతున్నవి ఆ ట్రిబ్యునల్ కాగితాలే. డెల్టా ప్రాంతపు భూయజమాని ఇచ్చిన సీలింగ్ డిక్లరేషన్ ఒకటి నా బల్ల మీద ఉంది. దానికి జతచేసినవి మూడు: తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల జాబితా, అడంగల్ నకలు, పెద్దకొడుకు స్కూలు సర్టిఫికెట్. కొడుకు అప్పటికి మేజరైతే అతని వాటా వేరే లెక్క. అందుకే పుట్టిన తేదీ మీద ట్రిబ్యునల్‌లో ఒక మాట, అప్పీలులో ఇంకో మాట, హైకోర్టు రివిజన్‌లో మళ్ళీ వాదన. ఆ పొలం దున్నిన కౌలుదారు పేరు ఈ కట్టలో ఒక్కచోటా లేదు. మన న్యాయశాస్త్ర చరిత్రను ఇలాంటి కట్టల నుంచి తిరిగి రాయాలన్నది నా పట్టుదల.

ఆఫీసుల్లో ఈ దస్త్రాలకు చెదలు పడుతున్నాయి. మీ ఇళ్ళలో సీలింగ్ డిక్లరేషన్ల నకళ్ళు, ట్రిబ్యునల్ ఉత్తర్వులు, వకీళ్ళ ఉత్తరాలు ఉంటే పారేయకండి. పేర్లు కొట్టేసి ఇచ్చినా సరే, నాకు ఇవ్వండి.