వానకాలపు ఒండ్రునేలల బాటసారులు



శ్రావణ భాద్రపదములలో యాంగోను వీథులు వర్షధారలచే తడిసి ముద్దగుచుండగా, సుదూరమైన సైబీరియా తుంద్రా భూములలో స్వల్పకాలపు గ్రీష్మము ముగిసి, అచట గ్రుడ్లు పొదిగిన ఉల్లంకి పిట్టలు దక్షిణముఖముగా బయలుదేరి మన పొలిమేరలను చేరుచుండును. పక్షిదర్శనమునకు చలికాలమే తగినదని పలువురి తలంపు. ఉల్లంకులను గుర్తించుట నేర్వదలచినవారికి మాత్రము ఈ వానదినములే మిక్కిలి అనువైనవని నా దృఢాభిప్రాయము.

ఏలయన, రెండు తరములు ఒకే మడిలో కానవచ్చు కాలమిది. సాధారణముగా ముందు వచ్చునవి పెద్దపక్షులు. వాని యీకల యంచులు అరిగి, కొన్ని జాతులలో రొమ్మున జతకాలపు ఎఱుపు తునకలు తునకలుగా మిగిలియుండును. తరువాత వచ్చునవి ఆ యేటి పిల్లలు. వాని వీపున ప్రతి యీకకును లేతవన్నె యంచు చేపపొలుసువలె తీర్చియుండును. పెక్కు జాతులలో తల్లిదండ్రులు ముందే తరలిపోవుటచే, ఎన్నడును చూడని ఖండాంతర మార్గమును ఈ పసికూనలు దారిచూపు పెద్దలు లేకయే, పుట్టుకతో వచ్చిన దిక్కెఱుకతో దాటుచున్నవి. పక్షిశాస్త్రమున ఇంతకంటె నన్ను విస్మితుని జేసిన విషయము వేఱొకటి లేదు.

యాంగోను నది దాటి డలా వైపు వరిమడుల గట్లపై నిలిచి, మూడు చిన్న ఉల్లంకులను వేఱుపఱచుట మొదట అభ్యసింపుడు. రొమ్ముననున్న తెలుపు ఱెక్క మొదటివైపు పైకి ప్రాకి, తోక నిలకడలేక ఆడుచుండునది యొకటి. తెల్లని కనుబొమయు, వీపున చుక్కలును గలది యొకటి. ఎగురునప్పుడు తోకమొదలు తెల్లగను, ఱెక్కల యడుగు నల్లగను కనబడునది మఱియొకటి. దుర్భిణికంటె ఓర్పు ముఖ్యము.

బగో సమీపమున మోయున్‌జీ జలాశయమున్నది. ఒక కాలువకు నీరందించుటకై 19వ శతాబ్దమున నిర్మింపబడి, 2004లో ఈ దేశపు తొలి రాంసర్ స్థలమైనది. దానికి దక్షిణమున, సిట్టాంగు నది కలియు మొత్తమా సింధుశాఖకు 2017లో ఆ గౌరవము లభించినది. మహోన్నతమైన పోటుపాటులు గల ఆ బురదమేటలపై, ముక్కుకొన చెంచా ఆకారమున నుండి, సుమారు 30 గ్రాముల బరువు మాత్రమే గల ఉల్లంకి చలికాలము గడుపును. అంతరించు స్థితికి చేరిన ఆ జాతిలో దాదాపు సగము ఆశ్రయించునది ఆ తావునే. తీరవాసులు ఆహారమునకై పెద్ద పక్షులకు పన్నిన వలలలో ఇవియు చిక్కుచుండెడివి. ఆకలిగొన్నవానిని నిందించుటకంటె, చేపలవేటకు సాధనములనిచ్చి పక్షివలలను మాన్పించినవారి మార్గమే న్యాయమని నేను నమ్ముదును.

యాంగోను తెలుగువారమైన మన పూర్వులలో పెక్కురు కోరంగి రేవున ఓడలెక్కి ఇచటికి వచ్చినవారు. ఆ కోరంగి మడయడవుల చెంత, కాకినాడ తీరపు బురదపై, ఈ ఉల్లంకులలో పెక్కు జాతులు నేటికిని దిగుచున్నవి. బంగాళాఖాతపు ఇరుగట్లను గూర్చియు మనకు బాధ్యత కలదు.

ఇక పక్షులను చూడబోవువారికొక మాట: యాంగోను నదిలో నీరు తీసినపుడు అవి దూరపు మేటలపై చెదరిపోవును. కావున పూర్ణిమకో అమావాస్యకో దగ్గఱి దినములలో, పోటు పెరుగువేళ, అవి గట్లకు చేరునప్పుడు వెళ్లుడు. దగ్గఱకు పోవలదు, బెదరి యెగిరినప్పుడెల్ల ప్రయాణమునకై కూడబెట్టుకొన్న క్రొవ్వు వ్యర్థముగా కరగిపోవును. పిల్లలను తోడ్కొని రండు, కుక్కలను మాత్రము ఇంటనే కట్టివేయుడు.