చెప్పుకొనని బాధ

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు, ఆర్ట్సు పట్టభద్రుడను గనుక ఏ ప్రబంధమును గూర్చియో, నాటకమును గూర్చియో మాటాడుదునని తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము మలబద్ధకము. కొందఱు నవ్వుచున్నారు. నవ్వుట మంచిదే. కాని నవ్వినవారిలో ఒకరిద్దఱికైనను ఈ యుదయము తలుపు గడియ వేసికొని గడపిన యరగంట జ్ఞప్తికి వచ్చియుండును. పదునాలుగేండ్లు ఈ బాధను దాచుకొన్నవాడను కావున ఆ నవ్వు నాకు బాగుగా తెలియును.

2005లో ఉద్యోగరీత్యా ఢిల్లీకి వచ్చితిని. ఇంటిలో నలుగురము, మరుగుదొడ్డి యొకటి, బస్సు ఎనిమిదింటికి. కాఫీ త్రాగిన పిమ్మట ప్రకృతి పిలుపు వచ్చు వేళకు నేను మెట్లు దిగుచుండెడివాడను. ఆఫీసు చేరిన తరువాత చూతమనుకొందును. అచ్చట ఫైళ్లు, సమావేశములు. ఒక ఫైలును ఒకమాఱు పెండింగులో నుంచినచో రెండవమాఱుంచుట సులభమని మనకందఱకు తెలిసినదే. శరీరమునకును అదే నియమము. పిలుపును వాయిదా వేసినకొలది పెద్దప్రేగు మలములోని నీటిని పీల్చివేయును, మలము గట్టిపడును. ఏండ్లు గడచునప్పటికి ఆ పిలుపే మందగించును.

అటుపిమ్మట చికిత్సలు మొదలైనవి. ఒక మిత్రుడు చూర్ణమిచ్చెను, మఱియొకడు మాత్రలిచ్చెను. ఆదివారములందు ఆముదము త్రాగిన మొగముతో, నిజముగనే ఆముదము త్రాగి, కూర్చుండెడివాడను. వైద్యునితో మాత్రము "కొంచెము గ్యాసు" అని చెప్పి ఊరకుంటిని.

2019 శీతకాలమున ఆఫీసు పనిమీద బస్తరులోని జగర్గుండాకు పోవలసి వచ్చెను. అది సుక్మా జిల్లాలోనిది. దోర్నపాల్ నుండి చింతల్‌నార్ మీదుగా సుమారు 56 కిలోమీటర్లు అడవిదారి. ఒకప్పుడు ఆ యూరి సంత చింతపండు వ్యాపారమునకు పేరుపొందినది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత అది శిబిరముగా మాఱి, చుట్టును ముండ్లకంచెతో ఏండ్ల తరబడి నిలిచినది. 2010 ఏప్రిల్ 6వ తేదీన తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవానులు ప్రాణములు గోల్పోయినది ఆ ప్రాంతముననే. అట్టి దారిలో బండి ఆపుమనుటకు నాకు నోరు రాలేదు. ఆపుమనవలసిన యవసరము కలుగకుండుటకై ముందునాటి సాయంకాలము నుండియే నీరు త్రాగుట మానితిని. ఫలితము మీరూహింపగలరు. నాలుగవనాటికి కడుపు రాయివలె నుండెను, అన్నము సహింపలేదు.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పనిచేయు స్త్రీ ఆరోగ్య కార్యకర్తలను 'మితానిన్' అందురు. నెచ్చెలి యని యర్థము. ఆ యేర్పాటు 2002లో ఆరంభమైనది. ఆ దినమున మాతో మాటాడవచ్చిన మితానిన్, చిన్ననాట ఖమ్మం వైపు మిరపకాయలు కోయుటకు వచ్చి తెలుగు నేర్చినదట. నేను పళ్లెమును ప్రక్కకు నెట్టుట చూచి, పదిమందిలో అడిగినది:

"సారూ, బయటికి పోయి ఎన్ని దినాలాయె?"

నేను తల వంచుకొంటిని.

"సిగ్గుపడితే కడుపు ఊరుకుంటదా? రక్తం పడుతున్నదా?"

"లేదు" అంటిని. అది అబద్ధము. రెండు నెలలుగా అప్పుడప్పుడు పడుచునే యున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయనయు అట్లే "లేదు" అనెడివారు. మొలలని తలచి, ఇంటిలో ఆడవాండ్రు వినుదురని సంకోచించి, ఏడాదికి పైగా దాచిరి. వైద్యుని యొద్దకు తీసికొనిపోవునప్పటికి పెద్దప్రేగు పుండు కాలేయమునకు వ్యాపించినది. 2008లో, అరువదియొకటవ యేట గతించిరి. ఆయన కొడుకునై యుండియు, ఆయన చెప్పిన యబద్ధమునే నేనును చెప్పితిని.

మఱునాడామె రాగిజావ, ఆకుకూర పంపి, చెంబెడు నీరు త్రాగించి, తెల్లవాఱుజామున ఎవ్వరును తొందరపెట్టని వేళ చూచుకొమ్మనెను. కొంత యుపశమనము కలిగెను. అడవి తిండి తిన్నంతనే రోగము పోయినదని నేను చెప్పను. అట్లనుట ఆ పల్లెవారి కష్టములను పరిహసించుటయే. కంచె లోపల బ్రదికినవారికి వేళకు బయటికి పోవుట యెంత కష్టమైయుండునో యోచింపుడు. నాకచ్చట దొరకిన మందు ఒక ప్రశ్న మాత్రమే.

ఢిల్లీకి వచ్చిన వారములోనే వైద్యునికి అంతయు చెప్పితిని. కొలనోస్కోపీ చేసిరి. అదృష్టవశమున మొలలే, తోడుగా థైరాయిడ్ మాంద్యము బయటపడెను. మలబద్ధకమునకు అదియు నొక కారణమట. మధుమేహము, ఇనుము మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు, కొన్ని నొప్పి మందులు కూడ కారణములు కావచ్చును.

ఈ యేండ్లలో నేను నేర్చినవి కొన్ని మనవి చేసెదను. వారమునకు మూడు పర్యాయముల కంటె తక్కువగా పోవుట, ముక్కవలసి వచ్చుట, మలము గట్టిగా నుండుట, పూర్తిగా పోలేదనిపించుట నెలల తరబడి సాగినచో దీనిని దీర్ఘకాలిక మలబద్ధకముగా నెంచవలెను. ప్రతిదినము పోకపోవుటయే రోగము కాదు.

ఆహారములో పీచు ముఖ్యము. 100 గ్రాముల పాలిష్ బియ్యములో పీచు మూడు గ్రాములకు లోపే; రాగులలో సుమారు 11 గ్రాములు. రాత్రి భోజనము జొన్నరొట్టెకు మార్చితిని. జామపండు, తోటకూర, చిక్కుడు తఱచుగా తినుచున్నాను. కాని పీచు ఒక్కసారిగా పెంచిన కడుపుబ్బును, మెల్లగా పెంచవలెను. నీరు లేని పీచు మేలు కంటె కీడే చేయును. ఇసబ్‌గోల్ వాడువారు నిండుగ్లాసు నీటితోనే పుచ్చుకొనవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారు నీటి పరిమాణమును వైద్యునడిగి నిర్ణయించుకొనవలెను.

నిద్ర లేచిన పిమ్మటను, ఫలహారము తిన్న పిమ్మటను పెద్దప్రేగు సహజముగా కదలును. ఆ వేళను పోగొట్టుకొనరాదు. నేను అరగంట ముందు లేచుచున్నాను. పది నిమిషములు ఆ పనికే కేటాయించితిని. వార్తాపత్రికయు, సెల్‌ఫోనును లోనికి రావు. పాశ్చాత్య పద్ధతి దొడ్డిలో పాదముల క్రింద చిన్నపీట వేసికొని, మోకాళ్లను నడుముకంటె ఎత్తుగా నుంచిన దారి సుగమమగును. సాయంకాలము నడక యుండనే యున్నది.

ఇవి చాలనప్పుడు మందు వాడుటలో అవమానము లేదు. లాక్టులోజ్ వంటివి ప్రేగులోనికి నీటిని చేర్చును. సునాముఖి వంటివి ప్రేగును ప్రేరేపించును. ఏది, ఎంతకాలమన్నది వైద్యుడు చెప్పవలెను. ప్రక్కసీటు మిత్రుడు కాదు. రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను, రక్తహీనత కలిగినను, నడివయసు దాటిన పిమ్మట అలవాటు హఠాత్తుగా మాఱినను, ఇంటిలో ఎవరికైనను ప్రేగు క్యాన్సరు వచ్చియున్నను ఆలస్యము చేయరాదు.

తల్లులకొక మాట. బడిలో దొడ్డి శుభ్రముగా లేదని పిల్లలు సాయంకాలము వఱకు బిగబట్టుదురు. మా అమ్మాయి అట్లే చేయుచున్నదని నేను నోరు విప్పిన తరువాతనే నాకు తెలిసినది. ఇప్పుడు బడికి పోకముందు దానికొక వేళ కలదు. ఆ వేళలో ఎవ్వరును తలుపు తట్టరు.

నాకు పూర్తిగా నయమైనదని చెప్పజాలను. పెండ్లిండ్లలో, ప్రయాణములలో పాతబాధ మరల వచ్చును. వచ్చినప్పుడు ఇంటిలో చెప్పుదును, సర్దుకొందును. దాచుట మాత్రము మానితిని.

సోదరులారా, ఈ రాత్రి ఇంటికి పోయిన పిమ్మట, దూరమున నున్నచో ఫోనులోనైనను, మీ తల్లిదండ్రులను ఆ ప్రశ్న అడుగుడు. వారు "ఏమియు లేదు" అందురు. ఇంకొకమాఱు అడుగుడు. నేను మా నాయనగారిని ఒక్కమాఱైనను అడుగలేదు.

సెలవు.