మాస్టరు సీడీ తయారీ
(ప్రసంగ పాఠము)



1931వ సంవత్సరమున విజయనగరము నుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైనది. పార్వతీపురము, రాయగడల మీదుగా ఆ మార్గమున వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. పద్యనాటకము, హరికథ, బుర్రకథ వారి వెంటనే వచ్చినవి. మన పెద్దల గానములలో కొన్ని నేడు ఇండ్లలోని పాత క్యాసెట్లయందు మాత్రమే మిగిలియున్నవి. వానిని సీడీలుగా అచ్చొత్తించి సభ్యులకు పంచవలెనని మన సంఘము తలపెట్టినది.

అచ్చునకు పంపు మొదటి ఫలకమును మాస్టరు సీడీ యందురు. ఈ పద్ధతి కొత్తది కాదు. గ్రామఫోను కాలమున మైనపు పలకపై గీసిన గాడికి లోహపు అచ్చు తీసి, దానితో వేలకొలది రికార్డులు నొక్కెడివారు. సీడీకైనచో గాజు పలకపై లేసరు కిరణముతో గుర్తులు వేసి, దాని నుండి నికెలు అచ్చు తీసి, పాలీకార్బొనేటుపై నొక్కుదురు. కొలది ప్రతులే చాలినచో ఖాళీ ఫలకములపై యంత్రము నకలు వ్రాయును. ఎట్లు చేసినను మన తప్పు ప్రతి ఫలకమునకును ప్రాకును. కర్మాగారమువారు మన పద్యము వినరు. గుర్తులు సరిగా పడినవో లేదో చూతురు, అంతే.

కావున అసలు పని క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించునాడే కలదు. ముందుగా ప్లేయరు హెడ్డును శుభ్రపరచి, ప్రతి టేపునకు దాని వాలును సరిచేయవలెను. లేనిచో గొంతు దుప్పటి క్రింద నుండి వచ్చినట్లుండును. ధ్వని మట్టము సున్నా డెసిబెలును తాకరాదు. టేపుపై కొంచెము హెచ్చినను చెవి సహించును గాని, అంకెలలో హద్దు దాటిన నాదము తెగిపోవును, తిరిగి రాదు. ఎంపీ3గా కుదింపక, సెకనుకు 44,100 నమూనాల చొప్పున, 16 బిట్ల వేవ్ ఫైలుగా నుంచవలెను.

టేపు బుసను తుడుచు ఉపకరణములపై నాకు నమ్మకము తక్కువ. అతిగా వాడినచో హార్మోనియపు కంపనము కూడ బుసతో పోవును. రైల్వే కాలనీలలో తీసిన టేపులందు వెనుక రైలుకూత వినవచ్చును. దానిని తీయుట యెందులకు?

"వన్స్‌మోర్" కేకల విషయమై మన సంఘములో వాదము కలదు. రెండవసారి పాడిన పద్యములను కత్తిరించినచో మరికొందరి గానమునకు చోటు చిక్కునని కొందరి మాట. సీడీలో పట్టునది 74 నిమిషములు, మహా అయిన 80. కావున ఆ మాట తీసివేయదగినది కాదు. కాని రెండవసారి పాడునపుడే గాయకుడు రాగమును విప్పునని మీరెరుగుదురు. రెండు సీడీలు వేయుదము, కోయవలదు.

పాటలను విడివిడిగా వ్రాసినచో సాధారణముగా నడుమ రెండు సెకనుల నిశ్శబ్దము చొరబడి రాగము తెగును. అందువలన "డిస్క్ ఎట్ వన్స్" పద్ధతిని ఏకబిగిని వ్రాయింపవలెను. మాస్టరుపై కాగితపు చీటీ అంటింపరాదు. సీడీలో సమాచారపు పొర పేరు వ్రాయు వైపుననే, పలుచని పూత క్రింద నుండును. ఆ ప్రక్క గీత పడిన మరమ్మతు లేదు. రెండు మాస్టర్లు చేసి, ఒకదానిని సామాన్యపు ప్లేయరులో మొదటి నుండి తుదివరకు కూర్చుండి వినవలెను. కొత్త కంప్యూటర్లు పెక్కింటిలో సీడీ పెట్టు చోటే లేదు గనుక, వేవ్ ఫైళ్లను రెండు హార్డుడిస్కులలో వేరువేరు ఇండ్లయందు దాచవలెను.

సినిమా పాట యేదైన నడుమ వచ్చినచో 1957 నాటి కాపీరైటు చట్టము అడ్డు వచ్చును. హక్కుదారుల అనుమతి లేక చేర్చరాదు. మన గాయకుల కుటుంబములనుండియు వ్రాతపూర్వకముగా సమ్మతి తీసికొందము.

మీ ఇంటి క్యాసెట్టును తెచ్చునపుడు పాడినవారి పేరు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరము ఒక కాగితముపై వ్రాసి జతచేయుడు. ఆ గొంతును గుర్తింపగలవారు ఇంట నున్నపుడే అడుగుడు. క్యాసెట్టు వెనుక అంచున నుండు రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచి మరీ తెండు. ఎవరైన పొరపాటున రికార్డు మీట నొక్కబోయినను అది దిగదు.