కథకు కొసరు కథ

కథ ముగిసిన తరువాత 'ఆ పైన ఏమైనది?' అని అడుగని శ్రోత ఉండడు. రామాయణము విన్నవారికి అట్టి సందేహము ఒకటి కలుగక మానదు. సీత భర్త వెంట అడవికి పోయినది. లక్ష్మణుడు అన్న వెంట పోయినాడు. మరి లక్ష్మణుని భార్య ఊర్మిళ ఆ పదునాలుగేండ్లు ఏమి చేసినది? వాల్మీకి ఈ విషయమున దాదాపు మౌనమే వహించినాడు. ఆ మౌనములో నుండియే మన స్త్రీలు ఒక పాటను పుట్టించినారు.

ఒకరి పాత్రలను ప్రేమతో తీసికొని మరొకరు అల్లు కథను ఈనాడు ఫ్యాన్ ఫిక్షన్ అనుచున్నారు. పేరు క్రొత్తది, పని పాతది. అంగడివాడు తూకము పైన వేయు కొసరు వంటిది. అట్టివి కొన్నింటిని మన గోదావరిఖని, రామగుండము చదువరుల ముందుంచవలెనని నా కోరిక.

మొదట ఊర్మిళాదేవి నిద్ర. వనవాసమున లక్ష్మణుడు రేయింబవళ్లు మేలుకొని ఉండుటకై అతని వంతు నిద్రను కూడ ఊర్మిళయే పోయినదని పాట చెప్పును. అతడు తిరిగివచ్చి లేపగా, ఆమె గుర్తింపక, పరాయివాడనుకొని మందలించును. పరభార్యలను కోరి చెడినవారిని ఏకరువు పెట్టును. దీనికి తోడు లక్ష్మణదేవర నవ్వు అను పాట ఉన్నది. గడువు తీరినదని నిద్రాదేవి నిండు సభలో లక్ష్మణుని ఎదుట నిలువగా అతనికి నవ్వు వచ్చును. కారణము తెలియక సభలోని ఒక్కొక్కరు తమ తమ లోపములను తలచుకొని, నన్ను చూచియే నవ్వినాడని ముడుచుకొని పోవుదురు. ఇంత చక్కని హాస్యము పండితకావ్యములలో అరుదు. 1955లో కృష్ణశ్రీ సంపాదకత్వమున వెలువడిన 'స్త్రీల రామాయణపు పాటలు' ఇట్టివాటికి మంచి గని.

సింగరేణి గనులలో పని మూడు షిఫ్టులుగా నడుచును గదా! రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి పగలు కన్ను మూయవలెనన్నచో ఇంటిల్లిపాది గొంతు తగ్గింపవలసినదే. పిల్లలు వీధిలోనికి పోవలెను. గిన్నెల చప్పుడు కారాదు. ఒకరి మెలకువకు మరియొకరు వెల చెల్లించుట ఇచ్చటి క్వార్టర్లలో తెలియని సంగతి కాదు. ఈ పాట ఆ ఇండ్లలో పురాణము వలెగాక పొరుగింటి ముచ్చట వలె వినబడును. అయితే ఒక మాట. మెలకువ లక్ష్మణునిది, కీర్తి లక్ష్మణునిది. ఊర్మిళకు దక్కినది నిద్ర మాత్రమే. ఇది న్యాయమా?

ఈ ప్రశ్నకు ఓల్గా రచించిన 'విముక్త' కథలలో జవాబు దొరకును. ఈ సంపుటికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఇందులోని ఊర్మిళ నిద్రపోదు. తలుపు మూసికొని, ఒంటరిగా, తన్ను తాను విచారించుకొనును. శూర్పణఖ, అహల్య, రేణుక కూడ ఈ కథలలో సీతకు ఎదురగుదురు. ఇవి తీరికగా చదువవలసినవి. పాటను ముందు విని, ఈ కథను తరువాత చదివినవారికి రెండింటి రుచియు తెలియును.

మూలమును ఇట్లు కదలించుట అపచారమని కొందరి వాదన. వ్యాసభారతములో శశిరేఖ లేదు, అభిమన్యునికి అచ్చట భార్య ఉత్తర. అయినను 1957లో వచ్చిన 'మాయాబజార్' చూచినవారెవ్వరు శశిరేఖను కాదనగలరు? ఆమె వలన భారతమునకు తరిగినదేమియు లేదు. అసలు పాత్ర గుణమును వదలి పేరు మాత్రము అరువు తెచ్చుకొన్న కథలు మాత్రము నాకు రుచింపవు.

నవ్వుకొనుటకు విశ్వనాథ సత్యనారాయణగారి 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' చూడుడు. పంచతంత్రము చెప్పిన పండితుడు ఇంగ్లీషు నేర్వబూని, ఆ భాషలోని తిరకాసులను అడిగి గురువునే నీళ్లు నమిలించును. తిక్కనగారును తోడున్నారు. ముళ్ళపూడి వెంకటరమణగారి 'గిరీశం లెక్చర్లు' సినిమాలపై విసుర్లు. గురజాడవారి గిరీశము వాగ్ధాటి తెలిసినవారికి మరింత పసందుగా ఉండును. కావున 'కన్యాశుల్కము' ముందు చదువుట మేలు.

లక్ష్మణుని నవ్వు పాటను మాత్రము ఒంటరిగా కంటితో చదువవలదు. ఇంటిలో ఒకరు పైకి చదువగా అందరును వినవలెను, పగటినిద్ర పోవువారు లేచిన పిమ్మట.