బండ్లు ఆగాయి, బజారు లేచింది: చాందినీ చౌక్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక రోడ్డు గురించి. అవును, రోడ్డు గురించే! పొడవు కిలోమీటరున్నర కూడా ఉండదు. కానీ మన ఊళ్లన్నిటికీ ఉన్న ఒక పెద్ద సమస్య ఆ ఒక్క రోడ్డు మీద కనిపిస్తుంది.

మీ ఊళ్లో పాత బజారు ఒకటి ఉంటుంది కదా. విజయవాడకి వన్‌టౌన్, సికింద్రాబాద్‌కి జనరల్ బజార్, హైదరాబాద్‌కి చార్మినార్ చుట్టుపక్కల గల్లీలు. పెళ్లి బట్టలు అనగానే అమ్మ అక్కడికే వెళ్దాం అంటుంది. మనమేమో "అమ్మో, బండి ఎక్కడ పెట్టాలి? మాల్‌కి పోదాం" అంటాం. ఇలా ఒక్కొక్కరూ మానేస్తూ పోతే ఊరి నడిబొడ్డు ఏమవుతుంది? మెల్లగా గోడౌన్ అయిపోతుంది. కింద సరుకు, పైన ఖాళీ గదులు, రోడ్డు మీద హారన్లు. అంతే.

ఢిల్లీలో చాందినీ చౌక్ సరిగ్గా ఆ దారిలోనే వెళ్తూ ఉండేది. ఒక చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు గీసిన డ్రాయింగుతో ఆ రోడ్డు ఎలా మారిందో, ఎక్కడ ఇంకా మారలేదో చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. షాజహాన్ కట్టిన షాజహానాబాద్‌లో ఈ బజారుని 1650 ప్రాంతంలో ఆయన కూతురు జహానారా వేయించింది. వీధి మధ్యలో కాలువ, ఒక చోట కొలను. ఆ కొలనులో వెన్నెల మెరిసేది కాబట్టి చాందినీ చౌక్ అన్న పేరు వచ్చిందంటారు. తర్వాత కాలువ పోయింది, ట్రాములు వచ్చాయి, అవీ పోయాయి. కార్లు, ఆటోలు, స్కూటర్లు మిగిలాయి. నెత్తి మీద కరెంటు తీగలు ఎంత దట్టంగా ఉండేవంటే, పాత ఫోటోల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

కానీ ఆ రోడ్డులో ఏముందో చూడండి. ఒక చివర ఎర్రకోట, ఇంకో చివర ఫతేపురి మసీదు. మధ్యలో జైన మందిరం, గౌరీశంకర్ గుడి, శీశ్‌గంజ్ గురుద్వారా, ఒక చర్చి. పక్క గల్లీల్లోకి వెళ్తే దరీబాలో నగలు, కినారీ బజార్‌లో జరీ అంచులు, నయీ సడక్‌లో పుస్తకాలు, ఖారీ బావలీలో మసాలాలు. ఇన్ని ఉన్న చోట మనిషి నడవడానికి మాత్రం జాగా లేదు!

ఇప్పుడు ఆఫీసు సంగతి. ప్రదీప్ సచ్‌దేవా అనే ఆర్కిటెక్ట్ ఢిల్లీలో తన పేరుతోనే ఒక డిజైన్ ఆఫీసు నడిపేవారు. ఆకాశాన్నంటే టవర్లు కట్టే కంపెనీ కాదు. ఆయన పని మీకు తెలిసే ఉంటుంది, పేరే తెలిసి ఉండదు. 1994లో తెరిచిన దిల్లీ హాట్ ఆయన డిజైనే. ఒక మురుగు నాలాని కప్పేసిన జాగాలో సంత కట్టారు. చేతిపనివాళ్లకు అక్కడ స్టాళ్లు వంతుల వారీగా ఇస్తారు, కొన్ని రోజులు ఒకరు, తర్వాత ఇంకొకరు. దళారీ లేకుండా నేసినవాడే, చెక్కినవాడే వచ్చి అమ్ముకోవచ్చు. ఎవరికీ అక్కర్లేని జాగాని ఊరికి పనికొచ్చేలా చేయడం, అదీ ఆ ఆఫీసు పద్ధతి.

చాందినీ చౌక్‌లోనూ అంతే. కొత్త బిల్డింగ్ ఒక్కటీ కట్టలేదు. మరి ఏం చేశారు? తీగలు భూమిలోకి పంపారు. బండ్లు వెళ్లే జాగా తగ్గించి ఫుట్‌పాత్ వెడల్పు చేశారు. ఎర్రటి రాయి పరిచారు, కూర్చోవడానికి బెంచీలు పెట్టారు, బండ్లు ఫుట్‌పాత్ ఎక్కకుండా రాతి దిమ్మెలు పాతారు. అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇంకొకటి ఉంది. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు బంద్. అంబులెన్స్, ఫైర్ ఇంజన్ లాంటివి తప్ప. సైకిల్ రిక్షాలు మాత్రం తిరగొచ్చు. పనులు 2018 చివర్లో మొదలై, మధ్యలో కరోనా అడ్డం పడి, 2021 సెప్టెంబరులో వీధి తెరుచుకుంది. కానీ ప్రదీప్ సచ్‌దేవా 2020లోనే చనిపోయారు. పూర్తయిన రోడ్డు మీద నడిచే అదృష్టం ఆయనకి దక్కలేదు.

"బండి రాకపోతే బేరం ఎలా వస్తుంది?" అని మీకు డౌట్ రావచ్చు. ఎక్కడ బండ్లు ఆపినా వ్యాపారుల మొదటి భయం ఇదే. 1962లో కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ అనే వీధిలో కార్లు ఆపినప్పుడు అక్కడి షాపులవాళ్లూ ఇలాగే కంగారుపడ్డారు. ఈ రోజు ఆ నగరంలో షాపింగ్ అంటే ముందు చెప్పేది ఆ వీధి పేరే. లాజిక్ చాలా సింపుల్. బండి మీద పోయేవాడు షాపుని చూడడు, ముందున్న బండిని చూస్తాడు. నడిచేవాడు ఆగుతాడు, అద్దంలోకి తొంగి చూస్తాడు, ధర అడుగుతాడు. కొనేది కాళ్లున్న మనిషే గానీ చక్రాలు కాదు కదా!

అయితే ఇది హ్యాపీ ఎండింగ్ వీడియో కాదు ఫ్రెండ్స్. కథలో రెండో సగం ఉంది.

ఒకటి, కాపలా. నిషేధం ఉన్నా సందు దొరికితే టూవీలర్లు దూరిపోతూనే ఉన్నాయి. పాతిన దిమ్మెలు కొన్ని విరిగాయి. రోడ్డు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్లు కనిపించడం మీద విమర్శలు వచ్చాయి. డ్రాయింగ్ గీయడం సగం పని. రోజూ ఊడ్చేవాళ్లు, ఆపేవాళ్లు, బాగుచేసేవాళ్లు లేకపోతే ఎంత మంచి డిజైన్ అయినా నాలుగేళ్లలో పాతబడిపోతుంది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. రోడ్డు అందంగా అయ్యాక తోపుడు బండివాళ్లు ఎక్కడికి పోవాలి? చాందినీ చౌక్ ప్రధాన వీధిని నో వెండింగ్ జోన్ అన్నారు. నడిచేవాళ్ల కోసం వెడల్పు చేసిన ఫుట్‌పాత్ మీద, నడిచేవాళ్లకి చాయ్ అమ్మే మనిషికి చోటు లేదన్నమాట. ఫుట్‌పాత్ మొత్తం బండ్లతో నిండిపోతే నడవలేం, అది నిజమే. కానీ గీత ఎక్కడ గీయాలో ఆఫీసు గదిలో నలుగురు కూర్చుని తేల్చేస్తే ఎలా?

దీనికి మన దేశంలో చట్టం ఉంది, తెలుసా? 2014 వీధి వ్యాపారుల చట్టం. ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే అయి ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ముందు సర్వే చేయాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి, అది అయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. అంటే బజారు బాగుచేసే ప్రతి డ్రాయింగులోనూ ఆ మనిషికి కూడా ఒక చోటు గీయాలన్నమాట.

మన చార్మినార్ దగ్గర కూడా బండ్లు ఆపి రాయి పరిచి నడకదారి చేశారు. ఇప్పుడు అక్కడ పిల్లలు పరిగెత్తుతారు, మనం సెల్ఫీలు దిగుతాం. గాజులవాళ్లు, పళ్లబండ్లవాళ్ల పోరాటం మాత్రం రోజూ ఉన్నదే. ప్రశ్న ఒకటే, ఊరు పేరే వేరు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఊరి పాత బజారుకి వెళ్లి, ఈ చివర నుంచి ఆ చివరికి నడవండి. మూడు విషయాలు ఫోన్లో నోట్ చేసుకోండి. ఎన్నిసార్లు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదకి రావాల్సి వచ్చింది? అలిసిపోయిన ఒక ముసలామె కూర్చోవడానికి ఎక్కడైనా చోటుందా? తోపుడు బండి పెట్టుకున్నవాళ్లు అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు? మూడోది తెలియాలంటే వాళ్లతో మాట్లాడాలి. ఏదో ఒకటి కొనండి, మాట కలుస్తుంది.

తర్వాత మీ మున్సిపాలిటీలో అడగండి, వెండింగ్ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని. జవాబు ఏం వచ్చిందో కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. మీ ఊరి బజారు పేరు కూడా రాయడం మర్చిపోకండి. ఉంటాను మరి, బై!