న్యూకాజిల్ రాత్రులు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, రోడ్ల గురించి చెప్పమన్నారు కార్యదర్శిగారు. రోడ్ల దగ్గరికీ వస్తాను. ముందు వేరే సంగతి. మనవాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు యూకేలో చదువుతున్నారు. "అక్కడ రాత్రయితే పబ్బులటగా, నిజమేనా?" అని నిన్నటి నుంచి నలుగురు అడిగారు.

మా అమ్మాయి ఒహాయోలో పుట్టి పెరిగింది. ఇరవయ్యో ఏట ఒక సెమిస్టరు చదవడానికి ఇంగ్లాండులోని న్యూకాజిల్ వెళ్ళింది. అమెరికాలో 21 నిండితే గానీ బీరు కొనడానికి లేదు. అక్కడ 18 చాలు. విద్యార్థి సంఘం భవనంలోనే బారు.

భాష ఒకటే కదా అనుకుంది. బస్సు డ్రైవరు "పెట్" అని పిలిచేసరికి బిత్తరపోయింది. అమెరికాలో ఆ మాటకు పెంపుడు కుక్క, పిల్లి అని అర్థం. అక్కడ అది మన కండక్టరు "ముందుకు జరుగు తల్లీ" అన్నట్టు. లెమనేడ్ అడిగితే నిమ్మరసం రాలేదు, మన గోలీసోడా లాంటిది వచ్చింది.

పబ్బులో కూర్చుంటే ఎవరూ వచ్చి అడగరు. కౌంటరు దగ్గరికి మనమే వెళ్ళాలి. అమెరికాలో ఎవరి బిల్లు వారిది, పైన టిప్పు. ఇక్కడ కౌంటరు దగ్గర టిప్పు ఇచ్చే అలవాటు లేదు. కానీ రౌండు ఉంది. అయిదుగురు వెళితే ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనాలి. ఎవరూ లెక్క రాయరు, అందరికీ గుర్తుంటుంది. తన వంతు రాకముందే జారుకున్నవాడికి పిసినారి పేరు ఖాయం. లెమనేడ్ తాగేవాళ్ళకూ మినహాయింపు లేదు. ఇరానీ హోటల్లో టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని గుంజుకునే మనకు ఇది సులభంగానే అర్థమవుతుంది.

మొదటి రెండు వారాలూ లెమనేడే. తర్వాత ఓ రోజు ఫోన్లో "నాన్నా, ఇవాళ హాఫ్ పింట్ తాగాను" అంది. వాళ్ళమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం దాచకుండా చెప్పడం నచ్చింది. అమెరికా క్యాంపసుల్లో ఆ వయసు పిల్లలు తాగరని కాదు, ఏ ఇంటి బేస్‌మెంట్లోనో దాక్కుని తాగుతారు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, పట్టుబడతామని సాయానికి ఫోన్ చేయడానికి జంకుతారు.

ఇక రోడ్లు. అమెరికాలో ఒకప్పుడు ఈ వయసు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉండేది. కుర్రాళ్ళు కారేసుకుని పక్క రాష్ట్రానికి వెళ్ళి తాగి, తిరిగొస్తూ ప్రమాదాల్లో పోయేవారు. 1984లో కేంద్రం చట్టం తెచ్చి, 21 పెట్టని రాష్ట్రాలకు హైవే నిధులు కోస్తామంది. అన్నీ దారికొచ్చాయి. అంటే ఆ 21 వెనక ఉన్నది కారు. న్యూకాజిల్ విద్యార్థులు చాలామందికి కారు లేదు. నడక, బస్సు, లేదంటే నలుగురు కలిసి టాక్సీ.

బిగ్ మార్కెట్ అని అక్కడ పేరున్న వీధి. బిగ్ అంటే ఒక రకం బార్లీ, పెద్దదని కాదు. శనివారం రాత్రి, ఎముకలు కొరికే చలిలో, ఆడపిల్లలు కోటు లేకుండా చిన్న గౌన్లతో తిరుగుతుంటారు. ఒహాయో మంచు చూసిన మా పిల్లే వణికిపోయింది. క్లబ్బులో కోటు దాయడానికి డబ్బు కట్టాలి, క్యూలో నిలబడాలి, అందుకట.

అంతా బాగుందని చెప్పను. శనివారం రాత్రి తాగి తూలేవాళ్ళు, రోడ్డు పక్కన వాంతులు మామూలే. అంతకంటే భయపెట్టేది, గ్లాసులో మత్తుమందు కలపడం. 2021 అక్టోబరులో అనేక నగరాల విద్యార్థినులు దీని మీద క్లబ్బులు బహిష్కరించారు. మీ అమ్మాయిలకు ఒక మాట చెప్పండి: ఎవడైనా వేధిస్తుంటే కౌంటరు దగ్గరికెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడగాలి. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన ఏర్పాటిది. ఇందులో చేరిన పబ్బుల్లో సిబ్బందికి సంగతి అర్థమై, పక్కకు తీసుకెళ్ళి టాక్సీ పిలుస్తారు. స్ట్రీట్ పాస్టర్స్ అని చర్చి వాలంటీర్లు కూడా అర్ధరాత్రి వీధుల్లో ఉంటారు. మంచినీళ్ళిస్తారు. ఎత్తు మడమల చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్తికాళ్ళతో నడిచే పిల్లలకు హవాయి చెప్పులిస్తారు.

యూకేలో పిల్లలున్నవాళ్ళు టీ విరామంలో నన్ను కలవండి. ఏ వేళ బస్సు మంచిది, ఏ వేళ టాక్సీ ఎక్కాలి, మా అమ్మాయి రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంది.